కాలే తీగను ముందు వెతకండి

జనగామలో కోర్టు దగ్గరో, తహశీల్దార్ ఆఫీసు దగ్గరో ఉన్న జిరాక్స్ సెంటర్‌లో కాసేపు నిలబడండి. టకటకమని మోగే పాత కీబోర్డు చప్పుడు ఎక్కడో ఒకచోట ఇంకా చెవిన పడుతుంది. అఫిడవిట్లు, ఆదాయం సర్టిఫికెట్ల దరఖాస్తులు, పెళ్లి కార్డులు అన్నీ దాని మీదనే. ఇలా మోగేవాటిలో మన దగ్గర ఎక్కువగా కనిపించేది టీవీఎస్ గోల్డ్. ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసై టైపు మిషను మీంచి కంప్యూటర్‌కు వచ్చిన తరానికి మెత్తటి రబ్బరు కీబోర్డు మీద వేలు నిలవదు. నొక్కితే నొక్కినట్టు తెలియాలి.

ఒకరోజు పొద్దున షట్టర్ తీసేసరికి ఆ కీబోర్డు పలకదు. టేబుల్ కిందికి వంగి చూస్తే కేబుల్‌ను ఎలుక కొరికి ఉంటుంది, లేదంటే కుర్చీ కాలు కింద నలిగి నలిగి ఇవాళ తెగి ఉంటుంది. పక్క షాపాయన సలహా మాత్రం సిద్ధంగా ఉంటుంది: "ఇంకా ఎన్నొద్దులు కొడ్తవన్నా దాని మీద? పడేయి, అయిదు వందలకు కొత్తది వస్తది."

ఈ అధ్యాయం ఆ తెగిన కేబుల్ గురించి. వ్యక్తిత్వ వికాస పుస్తకంలో సోల్డరింగ్ ఐరన్‌కు ఏం పని అని మీరు అడగవచ్చు. తెలియని విషయం ఎదురైనప్పుడు దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఈ చిన్న పనిలో ఉన్నంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఆత్మవిశ్వాసం పెంచుకోమని మాత్రం చెప్పను. తీగలు కలిపే పనిలో అది ఎక్కువైనవాళ్లే బోర్డులు కాలుస్తారు.

తెగినదేమిటి, తెగనిదేమిటి

ముందు ఆ వస్తువు విలువ తెలియాలి. చవక కీబోర్డులో కీలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్ కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో స్విచ్చి, దానికి సొంత స్ప్రింగు. టకటకమనే రకానికి పేరుపడ్డ చెర్రీ ఎమ్ఎక్స్ బ్లూ స్విచ్చిని తీసుకుంటే కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సుమారు సగం దారిలోనే చప్పుడుతో పాటు అక్షరం పడుతుంది. అడుగు దాకా గుద్దాల్సిన పని లేదు. ఒక్కో స్విచ్చి కోట్ల నొక్కులు తట్టుకునేలా తయారవుతుంది. ప్రపంచంలో పాత కీబోర్డులంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది ఐబీఎమ్ వారి మోడల్ ఎమ్. 1985లో వచ్చింది, బరువు దాదాపు 2 కిలోలు. స్ప్రింగు వంగి ఠక్కున పక్కకు ఒరిగినప్పుడు అక్షరం పడే ఆ ఏర్పాటుకు రిచర్డ్ హారిస్ అనే ఇంజనీరు 1978లో పేటెంటు పొందాడు. ఆ కాలపు కీబోర్డులు నేటికీ కొందరి టేబుళ్ల మీద పనిచేస్తున్నాయి.

కేబుల్ తెగినప్పుడు ఈ స్విచ్చిలకు, స్ప్రింగులకు, బోర్డుకు ఏమీ కాలేదు. మొత్తం వస్తువులో అతి చవకైన భాగం తెగింది. పక్క షాపాయన లెక్కలో మాత్రం వస్తువంతా పోయింది. ఆయనను తప్పు పట్టలేం. పలకని కీబోర్డు పైకి చూడటానికి చచ్చిన కీబోర్డులాగే ఉంటుంది.

అందుకే విప్పే ముందు రోగం ఎక్కడుందో తేల్చుకోండి. ఒకే ఒక్క కీ పడకపోతే ఆ స్విచ్చి చెడింది. కొన్ని కీలు గుంపుగా పడకపోతే, ఉదాహరణకు ఒకే గీతకు కలిసిన ఏడెనిమిది కీలు, లోపల బోర్డు మీద దారి ఎక్కడో తెగింది. కీలను అడ్డం, నిలువు గీతలుగా అల్లి కలుపుతారు కాబట్టి ఒక గీత పోతే దాని మీదున్నవన్నీ పోతాయి. ఏదీ పడకపోతే అనుమానం కేబుల్ మీదకు పోవాలి. ఇంకొక గుర్తు కూడా ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే కీబోర్డు తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ క్షణంలో మూడు లైట్లు ఒక్కసారి వెలిగి ఆరుతాయి. లైట్లు వెలిగి కూడా అక్షరాలు పడటం లేదంటే కరెంటు అందుతోంది, కబురు మోసే తీగల్లో తేడా ఉంది. లైట్లే వెలగలేదంటే కరెంటే అందడం లేదని ముందు అనుమానించాలి.

24 దారులు

గుండ్రటి పీఎస్/2 ప్లగ్గు ఉన్న పాత కీబోర్డు కేబుల్ పైపొర ఒలిస్తే లోపల నాలుగు సన్నటి తీగలు ఉంటాయి. చుట్టూ అల్లిక తీగో, వెండి కాగితమో కూడా ఉంటుంది. నాలుగింటిలో ఒకటి 5 వోల్టుల కరెంటు తెస్తుంది. ఒకటి గ్రౌండు. మిగతా రెండు కబురు మోస్తాయి: ఒకటి డేటా, ఇంకొకటి క్లాక్.

తెగిన కేబుల్ రెండు ముక్కలూ మీ దగ్గరే ఉంటే మీరు అదృష్టవంతులు. రెండూ ఒకే కేబుల్ కాబట్టి రంగుకు రంగు కలపండి, ఒక్కో తీగనూ మీటరుతో ఒకసారి చూసుకోండి, ఈ అధ్యాయంలో సగం దాటేయండి. చాలాసార్లు అట్లా జరగదు. ప్లగ్గు ఉన్న ముక్కను ఎవరో ఊడ్చి పారేసి ఉంటారు. లేదా కేబుల్ కీబోర్డు లోపలికి పోయే మూతి దగ్గరే, కలపడానికి అంగుళం కూడా మిగలకుండా తెగి ఉంటుంది. అప్పుడు చచ్చిపోయిన పాత మౌసు కేబుల్ తెచ్చి అతకాలి. గుండ్రటి పీఎస్/2 ప్లగ్గు ఉన్న మౌసైతే చాలు. మౌసుకూ కీబోర్డుకూ ఆ ప్లగ్గులో ఏ పిన్ను ఏ పని చేస్తుందన్నది ఒక్కటే: 1 డేటా, 3 గ్రౌండు, 4 కరెంటు, 5 క్లాక్. అయితే లోపలి తీగల రంగులకు మాత్రం కట్టుబాటు లేదు. ఒక కంపెనీ ఎరుపును కరెంటుకు వాడితే ఇంకో కంపెనీ డేటాకు వాడుతుంది. ఎరుపంటే కరెంటు, నలుపంటే గ్రౌండు అనే అలవాటుతో కలిపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

నాలుగు తీగలను నాలుగు చోట్లకు 24 రకాలుగా కలపవచ్చు. అందులో ఒక్కటే సరైనది. ఈ లెక్క వినగానే చాలామంది చేతులెత్తేస్తారు, కొందరు ఒక్కొక్కటీ ప్రయత్నిద్దామని మొదలుపెడతారు. రెండూ తప్పే. లెక్కను కాస్త దగ్గరగా చూడండి. కరెంటు, గ్రౌండు ఈ రెండింటినీ మీటరుతో తేల్చుకుంటే మిగిలేవి రెండు దారులే, ఎందుకంటే డేటా, క్లాక్ అటూ ఇటూ మారడం తప్ప ఇంకేమీ లేదు. ఆ రెండూ తారుమారైతే కీబోర్డు పలకదు, అంతే. దేనికీ దెబ్బ తగలదు. విప్పి మార్చి కలిపితే సరి. కరెంటు, గ్రౌండు తారుమారైతే మాత్రం లోపలి చిప్పు కాలిపోవచ్చు. ఏళ్ల కిందటి ఆ చిప్పు ఏ షాపులోనూ దొరకదు.

అంటే నాలుగు తీగలూ మనకు తెలియనివే అయినా ఆ తెలియకపోవడాలన్నీ ఒకటి కాదు. రెండింటి విషయంలో తప్పు చేస్తే వెనక్కి రాలేం, కాబట్టి కొలవకుండా ముట్టుకోకూడదు. మిగతా రెండింటి విషయంలో తప్పు చేస్తే పది నిమిషాలు పోతాయి. అక్కడ కొలుస్తూ కూర్చోవడం కంటే కలిపి చూడటమే తెలివి. జాగ్రత్తపరులమని చెప్పుకునేవాళ్లు ఈ రెండో సగాన్ని పట్టించుకోరు. అన్నిటికీ సమానంగా భయపడి, భయపడాల్సిన చోటికి వచ్చేసరికి అలసిపోయి, ఏదో ఒకటి కానిచ్చేస్తారు.

డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్ కోసం హైదరాబాద్ పోవాలా వద్దా అని జనగామలో ఒక అబ్బాయి ఆరు నెలలు మథనపడతాడు. పోయి చూస్తే ఏమవుతుంది? నచ్చకపోతే రైలెక్కి వచ్చేయవచ్చు. హాస్టల్ అడ్వాన్సు, కొన్ని నెలలు పోతాయి. అది డేటా, క్లాక్ తప్పు. అదే అబ్బాయి కోచింగ్ ఫీజు కోసం ఎకరం అమ్ముదామని నాన్న అంటే ఒక్క సాయంత్రంలో ఒప్పుకుంటాడు. రోడ్డు పక్క భూమి మళ్లీ ఆ ధరకు రాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆరు నెలల ఆలోచన అక్కడ పెట్టాల్సింది. మీ ముందున్న ఏ పెద్ద నిర్ణయాన్నయినా కాగితం మీద తీగలుగా విడదీసి, ఏది కాలుతుంది, ఏది కాలదు అని పక్కన రాసి చూడండి. కాలేవి మీరు అనుకున్నదానికంటే తక్కువే ఉంటాయి.

కొలత

ఇక పని. సామాను పెద్దగా లేదు: బజర్ ఉన్న చిన్న మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్డు, రోజిన్ పేస్టు, స్లీవ్ గొట్టం, స్క్రూ డ్రైవర్. ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాద్ పోయినప్పుడు ప్యారడైజ్ దగ్గర సీటీసీలోనో, కోఠి వైపు పోతే గుజరాతీ గల్లీలోనో అడగండి.

ముందుగా తెచ్చిన కేబుల్‌లో గ్రౌండు తీగను పట్టుకోవాలి. పుస్తకాల్లోని ప్లగ్గు బొమ్మలు ఇక్కడ మనిషిని ముంచుతాయి. ఆ బొమ్మ ప్లగ్గుదో సాకెట్టుదో చూసుకోకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోతాయి. పిన్నులు మూడు వరుసల్లో రెండేసి ఉంటాయి. 3, 4 మధ్య వరుసలో ఎదురెదురుగా ఉంటాయి. కుడి ఎడమలు మారాయంటే సరిగ్గా గ్రౌండు, కరెంటే తారుమారవుతాయి. కాబట్టి బొమ్మను పక్కనపెట్టి కంప్యూటర్‌నే అడుగుదాం. కంప్యూటర్ ఆపి, పవర్ కార్డు పీకేయండి. మౌసు కేబుల్ ప్లగ్గును కీబోర్డు సాకెట్లో పెట్టండి. మీటరును బజర్ మీద ఉంచి ఒక ముల్లును క్యాబినెట్ వెనక రంగు లేని ఇనుముకు ఆనించండి, ఇంకో ముల్లుతో తెగిన చివర్లను ఒక్కొక్కటీ తాకండి. బీప్ అన్న తీగ గ్రౌండు. పైనున్న అల్లిక తీగ కూడా బీప్ అంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇప్పుడు ప్లగ్గు బయటికి తీసి, ఆ గ్రౌండు తీగ ఏ పిన్నుకు పలుకుతుందో చూడండి. మధ్య వరుసలో దానికి ఎదురుగా ఉన్న పిన్ను కరెంటుది. ఆ పిన్నుకు ఏ తీగ బీప్ అంటే అది 5 వోల్టుల తీగ. కాగితం మీద రాసుకోండి. మనసులో పెట్టుకోవద్దు.

కంప్యూటర్ ఆన్ చేసి వోల్టులు చూస్తే త్వరగా తేలిపోతుంది కదా అని కొందరు అంటారు. తేలదు. డేటా, క్లాక్ తీగలు కూడా ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 5 వోల్టులే చూపిస్తాయి. ఆ తీగలను కంప్యూటరే పైకి పట్టి ఉంచుతుంది. 5 కనిపించిన మొదటి తీగను కరెంటు అనుకుని కలిపితే అంతే సంగతులు. మీటరు అబద్ధం చెప్పదు, కానీ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

కీబోర్డు వైపు పని ఇంకా సులువు. మూత విప్పి, కేబుల్ వచ్చి చేరే చోట బోర్డు మీద అక్షరాలు అచ్చువేసి ఉన్నాయేమో చూడండి. జీఎన్‌డీ అంటే గ్రౌండు, వీసీసీ అంటే కరెంటు. ఏమీ లేకపోతే కేబుల్ మూతికి దగ్గర్లో చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది. దాని మీద లేత గీత ఉన్న వైపు కాలు మామూలుగా గ్రౌండుకు పోతుంది. పాత బోర్డుల్లో 40 కాళ్ల పొడవాటి చిప్పు కనిపిస్తే దాని మీది అంకె చదవండి. 8048, 8049, 8051 వర్గం చిప్పైతే 20వ కాలు గ్రౌండు, 40వది కరెంటు. రెండూ మూలకు మూల ఎదురుగా ఉంటాయి. కెపాసిటర్ ఒకటి, చిప్పు ఇంకొకటి చెబితే ఆగండి, మళ్లీ కొలవండి. రెండు సాక్ష్యాలు కలిసే దాకా ఐరన్ వేడి చేయవద్దు.

అతుకు

జనగామ వాళ్లకు ఇత్తడి గురించి చెప్పాల్సింది లేదు, ఇత్తడి పనుల పెంబర్తి పక్కనే ఉంది. ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టడం చూసినవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. కళాయి ఆయన ముందు గిన్నెను తోమి, కాల్చి, నవాసారం చల్లి, అప్పుడు తగరం అద్ది గుడ్డతో తిప్పుతాడు. మురికి మీద తగరం పట్టదు, చల్లటి లోహం మీదా పట్టదు. తీగ కూడా అంతే. పొర ఒలిచిన సన్నటి పోగులను మెలిపెట్టి, పేస్టు రాసి, ఐరన్‌తో తీగను వేడి చేసి, లెడ్డును తీగకు తాకించాలి. ఐరన్‌కు కాదు. లెడ్డు తీగలోకి పాకి నిగనిగలాడితే కళాయి పట్టింది. బొట్టుగా నిలబడితే పట్టలేదు. గిన్నె తగరం కరగడానికి 232 డిగ్రీలు కావాలి. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం కలిసిన ఈ లెడ్డు 183 దగ్గరే మెత్తబడి 190 లోపు పూర్తిగా కరుగుతుంది. అందుకే సన్నటి తీగ పొర మాడకుండా పని అవుతుంది. తేడా ఒక్కచోట: నవాసారం, రేకుల పనిలో వాడే యాసిడ్ ఇక్కడ వాడకూడదు. అవి రాగి పోగులను మెల్లగా తినేస్తాయి. సీసం ముట్టిన చేతులతో టిఫిన్ చేయవద్దని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఐరన్ ముట్టుకునే ముందే స్లీవ్ ముక్కలను తీగల మీదకు ఎక్కించి వెనక్కి జరిపి పెట్టుకోండి. అందరూ మరిచిపోయేది ఇదే, అతికాక ఎక్కించడానికి దారి ఉండదు. నాలుగు తీగలనూ నాలుగు పొడవుల్లో కత్తిరించండి, ఎదుటి వైపు దానికి తగ్గట్టు తారుమారుగా. అప్పుడు నాలుగు అతుకులూ ఒకేచోట గుమిగూడవు, స్లీవ్ ఎక్కడైనా చిరిగినా ఒకదానికొకటి తగలవు, కేబుల్ కూడా ఉబ్బెత్తుగా తయారవదు.

కేబుల్‌ను లోపల గట్టిగా బిగించడం మరిచిపోవద్దు. మూతి లోపలి వైపు ఒక కేబుల్ టై వేసి బిగిస్తే, బయట ఎవరి కాలు తగిలి లాగినా ఆ బరువు టై మీద పడుతుంది, అతుకుల మీద పడదు. ఇది వదిలేసినవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ అదే పని చేస్తారు.

ప్లగ్గు పెట్టే ముందు ఆఖరి కొలత: ప్లగ్గులో గ్రౌండు పిన్నుకూ కరెంటు పిన్నుకూ మధ్య బీప్ రాకూడదు. వస్తే ఎక్కడో అంటుకున్నాయి, వెతకండి. రాకపోతే కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే ప్లగ్గు పెట్టండి. పీఎస్/2 సాకెట్ నడుస్తుండగా పెట్టి తీసేందుకు చేసింది కాదు, మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యూజు పోవచ్చు. ఆన్ చేయండి. మూడు లైట్లు ఒక్కసారి వెలిగాయా? అక్షరాలు పడుతున్నాయా? లైట్లు వెలిగి అక్షరాలు పడకపోతే కంగారు వద్దు, ఇది మనం ముందే ఒప్పుకున్న తప్పు. ఆపి, డేటా, క్లాక్ తీగలను మార్చి అతకండి.

తర్వాత అన్ని కీలూ నొక్కి చూడాలి. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు ఊరి పేరు కొట్టి సరిపెట్టుకోవద్దు. జనగామ అని కొట్టడానికి పీ, వీ, ఐ, ఈ, సీ కీలు చాలు. పై వరుస, కింది వరుస తగులుతాయి, వేళ్లు కూర్చునే మధ్య వరుస అసలు తగలదు. పెంబర్తి కొట్టండి. ఎనిమిది కీలు, మూడు వరుసలూ తగులుతాయి. అందులో డీ కీ ముఖ్యం, ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు దాని మీదే ఉంటుంది. అది పడకపోతే ఒత్తు ఒక్కటీ రాదు, "పెంబర్తి" కాస్తా "పెంబరతి" అయిపోతుంది. అనూ ఫాంట్లు, టైపు మిషను అమరిక వాడేవాళ్లకు కీల చోటు వేరు కాబట్టి వాళ్లు నాలుగు వరుసలూ ఎడమ నుంచి కుడికి వరసగా కొట్టుకుంటూ పోవడమే మేలు.

కొత్త కంప్యూటర్‌కు గుండ్రటి సాకెట్ లేకపోతే యూఎస్‌బీ మార్పిడి ముక్క కొనాలి. చవక ఉత్త ప్లగ్గు కొనకండి. అది పీఎస్/2, యూఎస్‌బీ రెండు భాషలూ వచ్చిన కీబోర్డులకే పనికొస్తుంది. పాతవాటికి లోపల చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి. ఆ తేడా తెలియక కొన్నవాళ్లు తాము చేసిన అతుకునే తప్పుపట్టి మంచి అతుకును విప్పేస్తారు.

మీ కీబోర్డు మళ్లీ మోగడం మొదలయ్యాక పక్క షాపుల వాళ్లు తమవి పట్టుకొస్తారు. "జర గిది గూడ సూడు అన్నా, నీకు పది నిమిషాల పని" అంటారు. మూత విప్పకముందే, దీన్ని ఇంతకుముందు ఎవరైనా విప్పారా అని అడగండి. విప్పలేదంటే ఆ కేబుల్ రంగులను కొంతైనా నమ్మవచ్చు. విప్పామన్నా, గుర్తులేదన్నా, లోపల ఎవరో నల్ల టేపు చుట్టిన పాత అతుకు కనిపించినా, అక్కడి రంగులకు విలువ లేదు. అతికినాయన చేతికి ఏ తీగ దొరికితే ఆ తీగ కలిపి ఉండవచ్చు. ఆ టేపు విప్పి, గ్రౌండు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పది నిమిషాల్లో కాదు, రేపు సాయంత్రం రమ్మనండి.